దోషం పంపుదా, తీగెదా?

సెల్ఫు మోటారు చక్కగా తిరుగుతూ ఉన్నా పెట్రోలు కారు ఇంజను మాత్రం అందుకోకపోవటం వాహనదారులలో చాలామందికి అనుభవంలో ఉన్న సంగతే. ఇందుకు ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. సిలిండరులో విద్యుత్ రవ్వ పుట్టకపోవటం ఒకటి. ఇంజనుకు పెట్రోలు అందకపోవటం రెండవది. రెండవదే కారణమని తేలినప్పుడు నింద సాధారణంగా ఇంధనపు పంపు మీద పడుతుంది. టాంకులోని పాత పంపును తీసివేసి, వేల రూపాయలు వెచ్చించి కొత్తది బిగించిన తరువాత కూడా కారు కదలని సందర్భాలు మెకానిక్కులకు తెలియనివి కావు. అటువంటప్పుడు దోషం పంపులో కాక, పంపుకు విద్యుత్తును చేరవేసే వలయంలో ఉన్నదన్నమాట.

ఆ వలయాన్ని పరీక్షించటం మరీ కష్టమైన పని కాదు. 1827లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గేయార్గ్ సైమన్ ఓమ్ ప్రకటించిన సూత్రం, ఒక వోల్టుమీటరు, కొంత ఓపిక, ఈ మూడూ ఉంటే చాలును. అయితే వోల్టుమీటరును ఎక్కడ పెట్టాలో, ముఖ్యంగా ఎప్పుడు పెట్టాలో తెలిసి ఉండాలి. ఈ రెండవ సంగతి తెలియకపోవటం వల్లనే మంచి పంపులు చెత్తకుప్ప పాలవుతూ ఉంటాయి.

పంపు చేసే పని

కార్బ్యురేటరు ఉన్న కార్లలో చాలావాటికి పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే బిగించి ఉండేది. ఇంజనులోని క్యామ్ షాఫ్టు దానిని ఆడించేది. దానికి విద్యుత్తుతో పని లేదు. బ్రిటనులో 1948 నుంచి 1971 వరకు తయారైన మోరిస్ మైనర్ వంటి కొన్ని కార్లలో మాత్రం విద్యుత్ పంపు ఉండేది. అందులో ఒక విద్యుదయస్కాంతం పలుచని పొరను లాగి వదులుతూ ఉంటే, పెట్రోలు కొంచెం కొంచెంగా ముందుకు పోయేది. తాళం త్రిప్పగానే టిక్కుటిక్కుమనే ఆ పంపు శబ్దం వినబడేది. పంపు లోపలి కాంటాక్టులు కాలి మసిబారితే శబ్దం ఆగిపోయేది. పైన ఒక చిన్న దెబ్బ వేస్తే మళ్ళీ మొదలయ్యేది. విద్యుత్ పంపుల జబ్బులలో ఎక్కువ భాగం కాంటాక్టుల జబ్బులే అన్న సంగతి ఆనాడే తేటపడింది.

భారతదేశంలో సుమారు 2000 తరువాత పెట్రోలు కార్లలో కార్బ్యురేటరు స్థానాన్ని ఇంజెక్టర్లు ఆక్రమించాయి. ఇంజెక్టరు సన్నని రంధ్రాల గుండా పెట్రోలును తుంపరగా చిమ్మాలంటే వెనుక గట్టి ఒత్తిడి ఉండాలి. ఇన్లెట్ నాళంలోకి చిమ్మే సాధారణ ఇంజనులలో ఈ ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అంత ఒత్తిడి కలిగించటానికి టాంకులోనే, పెట్రోలులో మునిగి ఉండేటట్లు, ఒక చిన్న మోటారు పంపును అమర్చుతారు. పెట్రోలే దానిని చల్లబరుస్తుంది, కందెనగా కూడా పనిచేస్తుంది. అందుచేతనే టాంకు ఎప్పుడూ అడుగంటే వరకు నడపటం పంపు ఆయుష్షుకు మంచిది కాదు.

రవ్వలు పుట్టించే బ్రష్షులున్న మోటారు పెట్రోలు మధ్య తిరుగుతూ ఉంటే మంట ఎందుకు పుట్టదన్న సందేహం కలగటం సహజం. మండటానికి తగినంత ఆక్సిజను కూడా ఉండాలి. మోటారు లోపల ఉన్నది పెట్రోలు ద్రవం. టాంకు పై భాగంలో ఉన్న గాలిలో పెట్రోలు ఆవిరి మండే పాళ్ళకు మించి నిండి ఉంటుంది. టాంకు వెలుపల పరిస్థితి పూర్తిగా వేరు. ఆ సంగతి చివర మళ్ళీ వస్తుంది.

విద్యుత్తు నడిచే దారి

చిన్న కార్లలో ఈ పంపు సుమారు 4 నుంచి 8 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది. ఆ ప్రవాహం బ్యాటరీ ధన ధ్రువంలో బయలుదేరి, ఫ్యూజును దాటి, రిలేకు చేరుతుంది. రిలే కాంటాక్టులు కలిసినప్పుడు అక్కడినుంచి తీగె వెంట కారు వెనుక భాగానికి పోయి, పంపులో ప్రవేశిస్తుంది. పంపునుంచి వెలువడిన తరువాత మరొక తీగె ద్వారా కారు ఇనుప శరీరాన్ని చేరి, దాని గుండా బ్యాటరీ ఋణ ధ్రువానికి తిరిగి వస్తుంది. ఈ తిరుగుదారినే షెడ్డులలో ఎర్త్ అంటారు. పోయే దారి ఎంత ముఖ్యమో తిరిగివచ్చే దారి కూడా అంతే ముఖ్యం. పరీక్షలో చాలామంది మరచేది ఈ రెండవ దారినే.

రిలే అంటే ఒక చిన్న ప్రవాహంతో పెద్ద ప్రవాహాన్ని కలిపే, విడదీసే మీట. ఈ పేరు తంతి తపాలా కాలం నాటిది. దూరపు ప్రయాణంలో అలసిన గుర్రాలను మార్చి కొత్తవాటిని పూన్చినట్లే, దూరంనుంచి వచ్చి బలహీనపడిన ప్రవాహం ఒక విద్యుదయస్కాంతాన్ని కదిల్చి, అక్కడి కొత్త బ్యాటరీ ప్రవాహాన్ని ముందుకు పంపేది. కారు రిలేలో సాధారణంగా నాలుగు కాళ్ళుంటాయి. వాటిపై 30, 85, 86, 87 అనే అంకెలు కనబడతాయి. 85, 86 కాళ్ళ మధ్య తీగె చుట్ట ఉంటుంది. దాని నిరోధం 80 ఓములైతే 12 వోల్టుల వద్ద 0.15 ఆంపియరు ప్రవాహమే చాలును. ఆ చుట్ట అయస్కాంతంగా మారి 30, 87 కాళ్ళ మధ్య ఉన్న కాంటాక్టులను కలుపుతుంది. పంపుకు పోయే పెద్ద ప్రవాహం ఈ కాంటాక్టుల ద్వారానే నడుస్తుంది.

రిలేకు ఆజ్ఞ ఇచ్చేది ఇంజనును అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె. మెకానిక్కులు దీనిని ఇ.సి.యు. అంటారు. తాళం త్రిప్పగానే అది చాలా కార్లలో పంపును సుమారు రెండు సెకన్లు నడిపి ఆపివేస్తుంది. ఇంజను తిరుగుతున్నట్లు సంకేతం వస్తేనే మళ్ళీ నడుపుతుంది. ప్రమాదంలో పైపు తెగి ఇంజను ఆగిపోతే, పంపు రోడ్డు మీదకు పెట్రోలు చిమ్ముతూ ఉండకుండా చేసిన ఏర్పాటు ఇది. కొన్ని కార్లలో దీనికి తోడు, ఢీకొన్న అదురుకు తనంతట తానే తెగే ఒక స్విచ్చి కూడా ఉంటుంది. కాబట్టి తాళం వేసి ఉన్నా పంపు తిరగటం లేదంటే అది ఎప్పుడూ దోషం కాదు. రెండు సెకన్లు గడిచిపోయి ఉండవచ్చును.

నిండు వోల్టేజి కలిగించే భ్రమ

పంపు తిరగనప్పుడు సాధారణంగా చేసే పరీక్ష ఒకటున్నది. పంపు ప్లగ్గును ఊడదీసి, తీగెల చివరల మధ్య వోల్టుమీటరు పెట్టి, సహాయకుని చేత తాళం త్రిప్పిస్తారు. మీటరు 12.6 వోల్టులు చూపుతుంది. "కరెంటు బాగానే వస్తున్నది, పంపే పోయింది" అని తీర్పు చెబుతారు. ఈ తీర్పు చాలాసార్లు నిజమే కావచ్చును. కాని ఈ పరీక్ష దానిని రుజువు చేయదు.

ఇంటి కుళాయితో దీనిని పోల్చి చూడవచ్చును. నీటి గొట్టంలో పాచి, తుప్పు పేరుకొని ఉన్నా, కుళాయి మూసి ఉన్నంతసేపు దాని వెనుక నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి విప్పినప్పుడు గాని గొట్టం పూడుకొన్న సంగతి బయటపడదు. నీరు నడవనప్పుడు అడ్డంకి కూడా కనబడదు. తీగె సంగతీ అంతే.

ఓమ్ సూత్రం ప్రకారం ఒక నిరోధం వద్ద నష్టమయ్యే వోల్టేజి, ప్రవాహాన్ని నిరోధంతో గుణించగా వచ్చినంత ఉంటుంది. ప్రవాహం లేకపోతే నష్టం లేదు. డిజిటల్ వోల్టుమీటరు నిరోధం సుమారు కోటి ఓములు. దాని గుండా నడిచే ప్రవాహం లెక్కకు రానంత స్వల్పం. దారిలో తుప్పుపట్టిన కాంటాక్టు ఒకటి ఉండి, దాని నిరోధం 1000 ఓములు ఉన్నదనుకొన్నా, ప్లగ్గు ఊడదీసి చూసినప్పుడు మీటరు 12.6 వోల్టులే చూపుతుంది. ఆ తీగెతో పంపు కాదు గదా, చిన్న బల్బు కూడా వెలగదు.

ఇక స్వల్పమైన దోషాన్ని లెక్కించి చూద్దాం. పంపు నిరోధం 2 ఓములు, బ్యాటరీ 12.6 వోల్టులు అనుకొంటే, ఆరోగ్యంగా ఉన్న వలయంలో 6.3 ఆంపియర్లు నడుస్తాయి. తిరుగుతున్న మోటారును నిలకడ అయిన నిరోధంగా భావించటం పూర్తిగా సరికాదు గాని, విషయం బోధపడటానికి ఈ లెక్క చాలును. దారిలో ఒక కాంటాక్టు మసిబారి, 1 ఓము నిరోధం అదనంగా చేరిందనుకొందాం. మొత్తం 3 ఓములు. ప్రవాహం 4.2 ఆంపియర్లకు తగ్గుతుంది. పంపుకు దక్కేది 8.4 వోల్టులు మాత్రమే, మిగిలిన 4.2 వోల్టులు ఆ కాంటాక్టు వద్దనే ఖర్చవుతాయి. పంపు తిరుగుతుంది గాని, ఒత్తిడి చాలదు. ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడో, వేగం పెంచినప్పుడో చతికిలబడుతుంది.

అంతేకాదు. ఆ కాంటాక్టు వద్ద ఖర్చయిన 4.2 వోల్టులను 4.2 ఆంపియర్లతో గుణిస్తే సుమారు 17.6 వాట్లు. రేడియో మరమ్మతులో టంకం వేయటానికి వాడే చిన్న పరికరం 25 వాట్లది. దానికి రమారమి మూడు వంతులలో రెండు వంతుల వేడి, గోరంత కాంటాక్టు వద్ద ఎడతెగక పుడుతూ ఉంటుందన్నమాట. ప్లాస్టిక్ ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి, కరిగి, చివరకు మాడిపోతుంది. కొత్త పంపును ఆ మాడిన ప్లగ్గుకే తగిలిస్తే దానికి కూడా అదే గతి పడుతుంది.

పరీక్ష సాగవలసిన వరుస

మొదట దోషం విద్యుత్తుదేనా అన్నది తేల్చుకోవాలి. టాంకులో పెట్రోలు ఉన్నదా అని చూసుకోవటం సిగ్గుపడవలసిన పని కాదు. మీటరు ముల్లు కూడా చెడిపోతుంది. తరువాత రేడియో, ఫ్యాను ఆపి, తాళం త్రిప్పినప్పుడు వెనుక సీటు వైపునుంచి రెండు సెకన్ల పాటు సన్నని రొద వస్తున్నదేమో వినాలి. రొద సహజంగా ఉండి, ఇంజను అందుకోకపోతే ఫిల్టరును, ఒత్తిడిని, విద్యుత్ రవ్వను చూడాలి. రొద లేకపోతే, లేక నీరసంగా ఉంటే, విద్యుత్ వలయాన్ని పరీక్షించాలి.

రెండవది ఫ్యూజు. కంటితో చూసి బాగున్నదని చెప్పటం చాలదు. దాని రెండు చివరలనూ విడివిడిగా ఎర్త్‌తో పోల్చి వోల్టేజి కొలవాలి. ఒక చివర ఉండి రెండవ చివర లేకపోతే ఫ్యూజు పోయింది. పోయిన ఫ్యూజు ఒక వార్త తెచ్చిందని గ్రహించాలి: ఎక్కడో తీగె ఒరుసుకొని షార్టు అయినది, లేదా పంపు బిగుసుకొని ఎక్కువ ప్రవాహం తీసుకొంటున్నది. ఆ వార్తను వినకుండా పెద్ద ఫ్యూజు వేయటం, రాగి తీగె చుట్టటం, తీగెల కట్టకు నిప్పు పెట్టటంతో సమానం.

మూడవది రిలే. తాళం త్రిప్పినప్పుడు అది టక్కుమంటే చుట్టకు ప్రవాహం అందుతున్నదని అర్థం. అంతకు మించి ఆ శబ్దానికి అర్థం లేదు. కాంటాక్టులు కలిసిన శబ్దం వచ్చినా, అవి కాలిపోయి ప్రవాహాన్ని పోనీయకపోవచ్చును. హారనుకు అదే రకం రిలే ఉంటే రెండింటినీ మార్చి చూడటం సులువైన పరీక్ష. టక్కుమనకపోతే చుట్ట ఒక కాలికి బ్యాటరీ వోల్టేజి, రెండవ కాలికి ఇ.సి.యు. నుంచి ఎర్త్ అందుతున్నాయో లేదో చూడాలి. ఏ కాలు ఏదన్నది కారును బట్టి మారవచ్చును కనుక వైరింగు పటం దగ్గర ఉండాలి. దొంగతనం జరగకుండా చేసిన ఏర్పాటు తాళాన్ని గుర్తించకపోయినా కొన్ని కార్లలో ఈ ఆజ్ఞ రాదు.

నాలుగవది అసలైన పరీక్ష. ప్లగ్గును ఊడదీయకుండా, పంపు నడుస్తూ ఉండగా, లేక నడవటానికి ప్రయత్నిస్తూ ఉండగా, ప్లగ్గు వెనుకనుంచి సన్నని సూదులతో పంపు రెండు కాళ్ళ మధ్య వోల్టేజిని కొలవాలి. అదే సమయంలో బ్యాటరీ వోల్టేజిని కూడా చూడాలి. రెండింటి మధ్య తేడా అర వోల్టుకు లోపల ఉంటే వలయం బాగున్నట్లే. పూర్తి వోల్టేజి అందుతూ కూడా పంపు కదలకపోతే అప్పుడు దోషం పంపుదేనని నిస్సంకోచంగా చెప్పవచ్చును.

కొందరు పంపుకు బదులుగా టెస్టు ల్యాంపు తగిలించి చూస్తారు. వట్టి మీటరు కంటే ఇది మేలే. కాని 21 వాట్ల బల్బు తీసుకునేది 1.75 ఆంపియర్లు మాత్రమే. పైన చెప్పిన 1 ఓము దోషం ఉన్నా ఆ బల్బుకు 11 వోల్టులు అందుతాయి. అది దాదాపు నిండుగానే వెలుగుతుంది. పంపు మోసే బరువును పంపుతోనే మోయించి చూడటం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. బల్బును ఇ.సి.యు. తీగెలకు మాత్రం ఎన్నడూ తగిలించకూడదు. ఆ పెట్టె లోపలి సున్నితమైన భాగాలు చెడిపోతాయి.

పోయిన వోల్టులను వెదకటం

బ్యాటరీ వద్ద ఉన్న వోల్టులకూ, పంపుకు అందిన వోల్టులకూ తేడా ఉంటే, ఆ తేడా దారిలో ఎక్కడో ఖర్చయి తీరాలి. వలయం చుట్టూ నష్టాలన్నీ కలిపితే బ్యాటరీ వోల్టేజికి సరిగా సమానమవుతాయని గుస్టావ్ కిర్కాఫ్ 1845లో ప్రకటించాడు. మెకానిక్కుకు ఈ నియమం జమాఖర్చు పుస్తకం వంటిది.

ఉదాహరణకు, పంపు నడుస్తూ ఉండగా బ్యాటరీ వద్ద 12.4 వోల్టులు, పంపు వద్ద 9.1 వోల్టులు ఉన్నాయనుకొందాం. లెక్కకు రావలసినవి 3.3 వోల్టులు. మీటరు ఒక తీగెను బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవదానిని పంపు ధన కాలికి తగిలించాలి. 0.3 వోల్టు కనబడింది. పోయే దారి బాగున్నది. తరువాత పంపు ఋణ కాలికీ బ్యాటరీ ఋణ ధ్రువానికీ మధ్య చూడాలి. 3.0 వోల్టులు కనబడ్డాయి. రెండూ కలిపితే 3.3. లెక్క సరిపోయింది, దోషం ఎర్త్ దారిలో ఉన్నది. కారు శరీరానికి తీగెను బిగించిన బోల్టును విప్పి చూస్తే, సాధారణంగా తుప్పో, రంగుపొరో కనబడుతుంది. గరుకు కాగితంతో గీకి, గట్టిగా బిగిస్తే ఖర్చు లేకుండానే పని పూర్తవుతుంది. వానకు తడిసే చోట్ల, ఉప్పుగాలి తగిలే సముద్రతీరంలో ఈ దోషం మరింత త్వరగా కలుగుతుంది.

దోషం పోయే దారిలో ఉంటే, దారిని సగానికి విభజిస్తూ పోవాలి. బ్యాటరీ నుంచి రిలే 87 కాలి వరకు నష్టమెంత? అక్కడినుంచి పంపు వరకు నష్టమెంత? నష్టం ఎక్కువగా ఉన్న సగాన్ని తీసుకొని మళ్ళీ సగం చేయాలి. మూడు నాలుగు కొలతలలో దోషం ఒక కాంటాక్టుకో, ఒక ప్లగ్గుకో పరిమితమవుతుంది. ఎలుక కొరికిన తీగె కూడా ఈ విధంగానే దొరుకుతుంది. తీగెలో ఇరవై పోగులకు ఒక్క పోగు మిగిలినా, ప్రవాహం లేనప్పుడు మీటరుకు అది నిండు తీగెలాగే కనబడుతుంది.

పంపు తీసుకునే ప్రవాహాన్ని క్లాంపు మీటరుతో కొలిస్తే మరికొంత తెలుస్తుంది. పూర్తి వోల్టేజి ఉండి ప్రవాహం శూన్యమైతే పంపు బ్రష్షులు అరిగిపోయాయి, లేదా లోపలి తీగె తెగింది. ప్రవాహం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువైతే పంపు బిగుసుకొంటున్నది, లేదా ముందున్న ఫిల్టరు పూడుకొన్నది. టాంకు అడుగున మెల్లగా తట్టినప్పుడు పంపు మొదలైతే అది కూడా బ్రష్షుల అరుగుదలకు గుర్తు. అది ఇల్లు చేరటానికి ఉపాయమే గాని, మరమ్మతు కాదు.

వచ్చిపోయే దోషాలు

అన్నిటికంటే చిక్కు పెట్టేవి, పరీక్షించేటప్పుడు మాయమయ్యే దోషాలు. ఎండలో నిలిపిన కారు అందుకోకుండా, సాయంకాలం చల్లబడగానే ఏమీ ఎరగనట్లు నడుస్తుంది. రిలే లోపలి టంకం బీటవారితే ఇలా జరుగుతుంది. వేడికి లోహాలు వ్యాకోచించి బీట తెరుచుకొంటుంది. చల్లబడగానే మళ్ళీ అతుక్కొంటుంది. ఇటువంటి చోట దోషం ఉన్న సమయంలోనే కొలవాలి. మీటరును తగిలించి ఉంచి, తీగెల కట్టను ఒక్కొక్క చోట మెల్లగా కదిలిస్తూ అంకెలను గమనిస్తే, ఎక్కడ కదిల్చినప్పుడు అంకె తూలుతుందో అక్కడే దోషం ఉంటుంది.

ఇటీవలి కార్లు కొన్నింటిలో పంపుకు నిలకడ వోల్టేజి ఇవ్వరు. ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ప్రవాహాన్ని క్షణక్షణం కలుపుతూ, తెంచుతూ, పంపు వేగాన్ని ఇంజను అవసరానికి తగినట్లు మార్చుతుంది. అక్కడ మామూలు మీటరు తక్కువ వోల్టేజి చూపటం దోషం కాదు. అటువంటి కార్లకు తయారీదారుల సర్వీసు పుస్తకం చూసిన తరువాతనే తీర్పు చెప్పాలి.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోకుండా నేల వెంట ప్రాకి, గుంటలలో నిలుస్తుంది. టాంకు లోపల మండలేని ఆవిరి బయటి గాలితో కలిసి పలుచబడినప్పుడు ఒక్క రవ్వకు అంటుకొంటుంది. కాబట్టి ఈ పరీక్షలు గాలి ఆడే చోట చేయాలి. బీడీ, సిగరెట్టు దరికి రాకూడదు. మంటలార్పే సిలిండరు అందుబాటులో ఉండాలి. పెట్రోలు వాసన వస్తున్నప్పుడు ఏ తీగెనూ కలపరాదు, తెంచరాదు. టాంకు మూత విప్పవలసి వస్తే ముందుగా పైపులలోని ఒత్తిడిని తగ్గించి, బ్యాటరీ ఋణ తీగెను తొలగించాలి. ఫ్యూజు పెట్టె, రిలే వద్ద కొలతలు ఓపిక ఉన్న వారెవరైనా తీసుకోవచ్చును. టాంకు దగ్గరి పని మాత్రం అనుభవం గలవారు చేయవలసినదే.

పంపు, రిలే, ఫ్యూజు, తీగె, ఎర్త్ ఒకే గొలుసులోని లంకెలు. అన్నిటికంటే ఖరీదైన లంకెను మొదట అనుమానించటం వాడుకగా మారింది. ప్రవాహం నడుస్తూ ఉండగా రెండు చోట్ల కొలిచిన వోల్టులు, పంపు విప్పకముందే దోషం ఏ వైపున ఉన్నదో చెబుతాయి. అందుకు పట్టే కాలం పది నిమిషాలు. ఆ పది నిమిషాల తరువాత కూడా పంపే మార్చవలసి వస్తే, కొత్త పంపు ఖర్చు వృథా కాదని ధైర్యంగా ఉండవచ్చును.